ఈ సీరియళ్లు అట్టలకే

రూతూ,
ఆళ్లగడ్డ బస్సుకు పోతాండా, సాయంత్రానికి వస్తా. ఉగ్గాని మూతేసి పెట్టినా, తిను. కోడిని గంప కింద మూయి.

వారపత్రికలో కొత్త సీరియళ్లు మూడూ చూసినా. ఒకదాంట్లో డిటెక్టివు నాలుగు వారాలుగా సిగరెట్టు తాగుతానే ఉన్నాడు, కుర్చీలోంచి లేసింది లేదు. ఇంకోదాంట్లో పోయిన వారం చూపు పోయిన తల్లి ఈ వారం ఉత్తరం చదువుతాంది. రాసినాయనకే గుర్తు లేదు. మూడోది నువ్వు ముట్టుకోవద్దు, పాడు రాతలు. ఈసారి పేజీలు చించి పుస్తకంగా కుట్టే పనే లేదు. మిగిలిన రెండూ నీ నోట్సులకు అట్టలేసుకో.

పోయినేడాది నర్సు కథ అంత బాగుంటే, దాని ఆఖరి పేజీ తీసకపోయి లెక్కల పుస్తకానికి అట్టేసినావు.

మీ అమ్మ

పొద్దున ఆ అట్ట విప్పి చదివినా. నర్సు బతికిందో లేదో చెప్పే వరుస మీదనే నీ పేరు చీటీ అంటించినావు. నీళ్లద్ది మెల్లగా ఊడదీయి. చించొద్దు తల్లీ.