హెస్టర్ అక్క ఆట, నా సాక్ష్యం

హాలిఫాక్స్,
1953 మార్చి 9.

పూజ్యురాలైన అక్క హెస్టర్‌కు,

తమ్ముడు ఇనాక్ ప్రభువు పేరట శుభములు పలికి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీ మరదలు ఎడ్నాకు దగ్గు తగ్గింది. నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. జవాబు మూడుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను. కాలుకాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటి, రాసేదేదో కూర్చుని రాయరాదా అని ఎడ్నా సణుగుతోంది.

ఐరోపా బ్రిడ్జి పేకాట పోటీలకు జట్టును ఎంచేవాళ్లు, పాత సంగతి తేలితేగాని నీ పేరు రాయబోమన్నారట. నాకు యాభైమూడేళ్లురా, ఇదే ఆఖరి అవకాశం, ఆ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాసివ్వు అన్నావు.

జరిగింది లోకానికంతా తెలుసు. పదహారేళ్లుగా ఊరూరా చాపెల్ గుడుల్లో సాక్ష్యంగా చెబుతూనే ఉన్నాను. లండన్ ఫైనల్, చివరి ఆట, నువ్వూ నేనూ జోడీ. ఎన్ని పట్లు తెస్తామో చెప్పే వేలంపాటలో నా వంతొస్తే నిమిషం పైగా బిగుసుకు కూర్చుని, చివరికి పాస్ అన్నాను. పదమూడింట పన్నెండు పట్లు తెస్తానని నువ్వు పాడావు, తెచ్చావు. జోడీ తటపటాయిస్తే అందులోంచి ఏమీ గ్రహించకూడదన్నది ఆ ఆట ధర్మం. తమ్ముడుగారి మౌనం పాటకంటే గట్టిగా వినిపించిందండీ అని ఎదుటి జోడీలోని కల్నల్ ఎద్దేవా చేసి, ఫిర్యాదు పెట్టాడు. విచారణలో నేనే లేచి, అవును, ఆలస్యం చేస్తే నా ముక్కలు బలమైనవని మాకు ముందే ఒప్పందం అన్నాను. కప్పు లాక్కున్నారు. నిన్ను ఏడేళ్లు వెలివేశారు. ఏరా, మతి ఉండే మాట్లాడుతున్నావా అని మాత్రం అడిగావు నువ్వు.

మరుసటి నెలే ప్రభువు నన్ను పట్టుకున్నాడు. మిల్లు గేటు ముందు పెట్టె మీద నిలబడి, బైబిల్లోని ఆకానులా దొంగసొత్తు గుడారంలో దాచినవాణ్ని నేనే అన్నాను. ఆడవాళ్లు ఏడ్చారు. బడి ముఖం సరిగా చూడనివాణ్ని, గ్రంథం ఒక్కటే పట్టుకుని ఇంతవాణ్నయ్యాను. ఇస్త్రీబల్ల మీద ముక్కలు పంచి నాకు ఆట నేర్పిన నువ్వేమో, వెలి తీరాక వేరే జోడీతో నాలుగు కప్పులు గెలిచావు. పత్రికలవాళ్లు ప్రతిసారీ ఆ పాత మచ్చ కూడా రాస్తారు. అవన్నీ కత్తిరించి దాచాను.

పేకముక్కలు సాతాను బొమ్మలేనని ఇప్పటికీ అంటాను. మానుకో అక్కా. లోకమిచ్చే కిరీటం వాడిపోయేదే. నీకోసం ప్రార్థిస్తున్నాను.

నీ తమ్ముడు,
ఇనాక్ సగ్డెన్

తా.క. సంతకం పెట్టాక కూడా చేయి ఆగడం లేదు. మనకు ఏ ఒప్పందమూ లేదు. నువ్వు నీ ముక్కలు చూసుకునే పాడావు. ఆ నిమిషంలో ఎవరేం పాడారో నేను మరిచిపోయాను, అంతే. మళ్లీ చెప్పమని అడగవచ్చు, తప్పు కాదు. కల్నల్ నవ్వుతాడని అడగలేదు. ఆ పొద్దునే ఒక పత్రిక నన్ను అక్కగారు మోసుకొచ్చిన సంచి అని రాసింది. విచారణలో అంతమంది ముందు మొద్దు అనిపించుకోవడం కంటే పాపి అనిపించుకోవడమే గౌరవంగా తోచింది. పాపిని చాపెల్‌లో ముందువరసలో కూర్చోబెట్టారు, నేను కూర్చున్నాను. ఈ మాటలే జట్టును ఎంచేవాళ్లకూ రాసి ఇదే టపాలో వేస్తున్నాను. ఆదివారం నా సాక్ష్యం వినడానికి బ్రాడ్‌ఫర్డ్ నుంచి రెండు బస్సులు వస్తున్నాయి. వాళ్లకూ ఇదే చెబుతాను. అంతకంటే ముందు ఎడ్నాకు చెప్పాలి.