లాకుల మాట

1998 జూలై 6, సోమవారం

ఇంటర్వెల్ గంటకి స్కూల్లో ఉన్నాను. సబ్బుడబ్బాలో ట్యూబు, ఫ్లాస్కులో కాచిన నీళ్లు. తరగతి గుమ్మంలోంచే అడిగాను — "ఎస్తేరూ, లాకుల దగ్గరికి వెళ్లొద్దామా?"

పుట్టుకతోనే నా కూతురి వెన్నులో లోపం. ఒంటికొచ్చినా రెంటికొచ్చినా తెలియదు పిల్లకి. వేళకి ట్యూబు పెట్టి నేనే ఒంటికి పోయించాలి. నలుగురిలో ట్యూబు అనలేక మేమిద్దరం పెట్టుకున్న మాట లాకులు. లాకులెత్తి కాలవకి నీళ్లొదిలినట్టే కదా!

కొత్త టీచరు పాపం నిజమే అనుకుంది. "పిల్లనేసుకుని ఎండలో రోజూ లాకుల దాకా ఏం పనండీ మీకు?" ఎస్తేరు నవ్వాపుకోలేక చచ్చింది. నేనూ అంతే. పన్నెండేళ్లొచ్చినా దాని నవ్వు ఇంకా నాతోనే.

జూలై 9

రాజమండ్రి వెళ్లాం. "ఇన్ఫెక్షన్ లేదమ్మా, బాగా చూసుకుంటున్నారు" అన్నారు డాక్టరుగారు. నన్నే.

వరండాలో ఓ అమ్మాయి, లలిత. సామర్లకోట నుంచి. పదిహేడేళ్లుంటాయి, ఇదే జబ్బు. చేతికర్రతో తనే బాత్రూంలోకి వెళ్లి, తనే ట్యూబు పెట్టుకుని, తనే వచ్చేసింది. చిన్న అద్దం ఉంటే చాలట. వాళ్లమ్మ బెంచీ మీద వారపత్రిక చదువుకుంటోంది — కాలు మీద కాలేసుకుని! ఒళ్లు మండిపోయింది నాకు. ఎస్తేరేమో ఆ పిల్లని నోరు తెరుచుకుని చూస్తోంది.

జూలై 10

"అమ్మా, నాకో అద్దం కావాలి."

విననట్టు ఫ్లాస్కు కడగడానికి వెళ్లిపోయాను.

జూలై 14

అద్దం వచ్చింది. మా ఆయన కొనిచ్చారు. నాతో ఒక్క ముక్క అనలేదు.

జూలై 18, శనివారం

లలిత మా ఇంటికే దిగబడింది. ఇక్కడ నిడదవోల్లోనే వాళ్ల పిన్నిగారి ఇల్లట. ఆస్పత్రిలో మా ఎస్తేరే రమ్మందట. ఇద్దరూ గదిలోకి దూరి తలుపేసుకున్నారు. నా ఇంట్లో నేను బయట.

"ఊపిరొదులు... అద్దం కొంచెం కిందకి..."

కాసేపటికి మా దాని కేక — "లాకులెత్తేశానక్కా!" ఇద్దరూ ఒకటే నవ్వులు.

మా మాట! దానికి చెప్పేసింది!

పొయ్యి మీద పకోడీలు మాడిపోయాయి. మాడినవన్నీ ఏరి ఆ లలిత పళ్లెంలోనే వేశాను. "చాలా బావున్నాయండీ ఆంటీ" అని ఒక్కటీ వదలకుండా తినేసింది. ఇంకా కోపమొచ్చింది.

జూలై 19, ఆదివారం

చర్చిలో ప్రసంగం మధ్యలో ఎస్తేరు సబ్బుడబ్బా తీసుకుని లేచి వెళ్లింది. ఒక్కతే. నావైపు చూడనైనా లేదు. తర్వాత ఏ కీర్తన పాడారో నాకు తెలియదు.

జూలై 20

"రేపట్నించి స్కూలుకి రావద్దమ్మా."

"ఆ లలిత చెప్పిందా?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వొస్తే అందరూ నన్నే చూస్తారు."

"పెద్దదవుతోంది, వదిలెయ్యవే" అంటారాయన పేపర్లోంచి. ఆయనకేం! తెల్లారకుండా లేచి, పిల్లని కూర్చోబెట్టి, రెండో పని అయ్యేదాకా కడుపు రాస్తూ కబుర్లు చెప్పేది నేను. అదైనా నాకుంచుతుందో లేదో.

జూలై 21

ఇంటర్వెల్ వేళ. చెప్పులేసుకున్నాను... విప్పేశాను.

స్కర్టు తడిసి రావాలని కోరుకున్నాను. కన్నతల్లిని. తడిసొచ్చి నా ఒళ్లో పడి ఏడవాలని. ప్రభువా...

అదే రోజు, సాయంత్రం

తడిసే వచ్చింది. పుస్తకాల సంచీ అడ్డం పెట్టుకుని రిక్షా దిగింది. నా కడుపు చల్లబడింది — సంతోషమే, ఇంకో పేరెందుకు. చేతులు చాచాను. నన్ను తప్పించుకుని దొడ్లోకి వెళ్లి, స్కర్టు తనే ఉతుక్కుని ఆరేసింది.

"స్కూల్లో బాత్రూం తలుపుకి గడియ లేదమ్మా. ఎవరైనా వచ్చేస్తారని భయమేసి, పెట్టుకోలేదు."

"రేపు నేనొచ్చి తలుపు పట్టుకుంటాలే. లోపలికి రాను, సరేనా?"

"వద్దు. కమల పట్టుకుంటానంది."

"కమలెవరే?"

"నా పక్కన కూర్చునే అమ్మాయి. దానికి అంతా చెప్పేశాను."

తలుపు బయట నిలబడ్డానికి కూడా పనికిరాలేదు నేను. కమలట!

జూలై 22

స్కూలు వదిలే వేళయింది. రిక్షా గంట వినిపిస్తోంది.

ఇవాళ ఏం కోరుకోవాలో తెలియడం లేదు.