సొరకాయకు గోరు గుచ్చినందుకు

కామాటిపుర, పదకొండో గల్లీ,
ముంబయి.
12 డిసెంబర్ 2024

తమ్ముడు పోచయ్యకు,

నీ అక్క మల్లవ్వ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, నర్సమ్మ, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఎప్పుడు ఫోన్ చేసినా నర్సమ్మే ఎత్తి, నువ్వు చేనుకు పోయావని చెప్తున్నది. అందుకే ఊరి బడిలో నేర్చిన అక్షరాలు కూడబలుక్కుని ఈ ఉత్తరం రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకొని చదువుకో.

నువ్వు మొన్న వచ్చినప్పుడు మోసుకొచ్చిన చిక్కుడుకాయలు మా చాల్‌లో అన్ని గదులవాళ్లకూ పంచాను. పక్క గదిలో ఉండే శాంతాబాయి, కాయలో పురుగును చూసి కెవ్వుమన్నది. మందు కొట్టలేదు కాబట్టే పురుగు బతికిందని నచ్చజెప్పాను. నీ టమాటాలు రెండో రోజుకే మెత్తబడ్డాయి, నిజమే. కానీ పొయ్యి మీద పెట్టగానే కరిగిపోయి ఇల్లంతా పుల్లటి వాసన! నా కొడుకు తుషార్ పనిచేసే దుకాణం నుంచి గడువు తారీఖు దగ్గరపడ్డ కూరగాయల పొట్లాలు తెస్తాడు. ఆ టమాటాలు ఎన్నాళ్లున్నా నిగనిగలాడుతూనే ఉంటాయి. ఎంత ఉడికించినా తోలు విడిపోయి పప్పులో తేలుతాయి తప్ప పులుపు దిగదు. టమాటా అంటే ఇంతేననుకుని, అసలు రుచి నేను మరిచేపోయాను.

ఇక ఆ రోజు సంగతి. వాడు పనిచేసే ఆ సూపర్ మార్కెట్ నీకు చూపించాలన్న ఆశ నాదే. వర్లిలో దిగగానే, పడుచుతనంలో కూలికొచ్చి ఇక్కడే మట్టి తట్టలు మోశానని నువ్వు మురిసిపోయావు. లోపల ప్లాస్టిక్ చుట్టిన సొరకాయలు చూసి ఒకటి చేతిలోకి తీసుకున్నావు. సంతలో గుచ్చినట్టే గోరు గుచ్చావు.

“గోరు దిగుతలేదక్కా, ముదిరింది. నువ్వైనా చెప్పు అల్లుడా, దీన్నెవరు కొంటరు?” అన్నావు.

మేనేజర్ ఉరికొచ్చి అందరి ముందూ నిన్ను గద్దించాడు. డబ్బాలు సర్దుతున్న తుషార్‌ను, ఈయన మీవాడా అని మరాఠీలో అడిగాడు. వాడు తల దించుకుని “మాహీత్ నాహీ, సర్” అన్నాడు. తెలియదన్నాడు! నీకు మరాఠీ రాదనుకున్నాడు, పిచ్చివాడు. నువ్వు కాయను తీసిన చోటే పెట్టి, బయటికి నడిచావు. ఇంటికొచ్చి బట్టలు సర్దుకున్నావు. అన్నం కూడా వద్దన్నావు.

ఆ సాయంత్రం నువ్వు తెచ్చిన లేత సొరకాయే వండి వాడి ముందు పెట్టాను. “మేనమామనే ఎరగనంటివి. ఆయన పండించిన కాయ ఎట్ల తింటవురా?” అని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు కంచం ముందు కూర్చుని ఏడ్చాడు. కొత్త పని, భయమైంది అన్నాడు. మర్నాడు తనంతట తానే మేనేజర్ దగ్గరికి పోయి, ఆయన మా మామ అని చెప్పి వచ్చాడు. అతను వినీ విననట్టు, పని చూసుకోమన్నాడట.

నా పెంపకం ఇట్లా అయినందుకు తలెత్తుకోలేకుండా ఉన్నాను. వాణ్ని మన్నించు.

ఇట్లు,
నీ అక్క
మల్లవ్వ

మరొక మాట: కవరు అంటించబోయి ఆగాను. నువ్వు తలుపు వైపు తిరిగాక మేనేజర్ నన్ను కూడా అడిగాడు, అతను నీతో వచ్చాడా అని. కొడుకు పని పోతుందని, కాదన్నట్టు తల ఊపాను. నువ్వు చూడలేదు. చూసి ఉంటే బస్సెక్కే ముందు వంగి నా కాళ్లు మొక్కేవాడివి కాదు. తుషార్ చూశాడు. నేను అంత తిడుతున్నా, వాడు ఆ సంగతి నోటి వెంట రానీయలేదు. వాడికి ఫోన్ చెయ్యి తమ్ముడూ. నాకు చెయ్యమని అడగను.