ఎర్రబత్తి ఎలిగినా బంద్ గాలే

బావా,

పప్పు గిన్నెల ఉన్నది, వేడి చేసుకొని తిను. నల్లా రాంగనె డ్రమ్ము నింపు. పొద్దుగాల పని ఇడిసిపెట్టి స్కాన్‌కు పోయిన గద, మిగిలిన చీరెలకు రాళ్లు అంటియ్యనీకి కార్ఖానకు పోతున్న. ఫోన్ చేస్తే నువ్వు బట్ట నేసే సాంచల సప్పుడుకు ఇనవడదని రాస్తున్న.

భయపడకు, అంత మంచిగనే ఉన్నది. పోయిన వానకాలం మెలి వడితే ఆపరేషన్ చేసి సక్కజేసిన కుడిదిక్కు అండాశయానికి నెత్తురు అందుతున్నదా, అది పనిచేస్తదా అని డాక్టరమ్మ రంగుల స్కాన్ల చూసింది. తెర మీద అది ఎర్రగ మెరిసింది. సాంచకు ఎర్రబత్తి ఎలిగితే దారం తెగి బంద్ వడ్డట్టేనని నువ్వే చెప్తివి గద. ఇగ అయిపోయింది అనుకొని ఏడ్సిన. డాక్టరమ్మకు గదే చెప్తే నవ్వి, "అరే బెన్, లాల్ మత్లబ్ ఖూన్ చల్ రహా హై. బంద్ నహీ, చాలూ హై!" అన్నది. ఎరుపంటె నెత్తురు మంచిగ పారుతున్నట్టేనట, గుడ్డు గూడ పెరుగుతున్నదట. లింబాయత్‌ల మన ఇంటి దాక ఆటోల ఒక్కదాన్నే నవ్వుకుంట వచ్చిన.

కడుపు పండుతదో లేదో ఇప్పుడే చెప్పలేనన్నది. గని ఇంకోసారి కొట్లాటల నన్ను బంద్ వడ్డ సాంచ అన్నవంటె మాత్రం ఊకోను.

మంగ

ఎర్రబత్తి ఎలిగితే తినే బుక్క ఇడిసి సాంచ కాడికి ఉరుకుతవు గద. వచ్చే నెల స్కాన్‌కు నా ఎంబడి గూడ గట్లనే ఉరికి రా.