గెంతిన గడియారం

నాన్నకు,

నమస్కారం. నేనిక్కడ బాగానే ఉన్నాను, దగ్గు పోయింది, వేళకే తింటున్నాను. అక్కడ నువ్వూ అమ్మా అన్నయ్యా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. మోకాలికి మందు రాసుకోవడం మానేశావట. నీ మీద చాడీలు నాకు బాగానే అందుతున్నాయి, జాగ్రత్త.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. ఒక్కదానికి మాత్రం చివర్లో రాస్తాను, తిట్టుకోకు.

అవును, నీ అద్దకం మిల్లులోనే, మీరంతా సకిలింపు గారని పేరు పెట్టిన ఆ మేనేజరు కిందే పనిచేస్తున్నాను. అబద్ధమాడే ముందు గొంతు సవరించుకునే అలవాటు మేనేజరుగారికి ఇంకా పోలేదు. నేను నీ కూతురినని వాడికి తెలియదు. "పాత పగలు మనకెందుకమ్మా" అని రాశావు. నీకు అక్కర్లేదేమో, నాకు కావాలి. తొట్టిలో బట్ట పాడైన రోజున "బల్బు ఇప్పుడే వెలిగిందండీ" అని నువ్వు మొత్తుకుంటున్నా, "కంప్యూటర్ అబద్ధమాడదు" అని అందరి ముందూ నిన్ను గేటు దాటించాడు. నువ్వు ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా గోడవైపు తిరిగి పడుకున్నావు. నాకది ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది.

వాడి కిటుకు ఇక్కడ చేరాకే తెలిసింది. ఆవిరి తిప్పమని వాడు ఆర్డరు వేస్తే నీ దగ్గర బల్బు వెలుగుతుంది, ఆర్డరు వేసిన సమయం ఆఫీసు సర్వర్‌లో పడుతుంది. బల్బు చూసి నువ్వు మీట నొక్కిన సమయం తొట్టి దగ్గరి పెట్టెలో పడుతుంది. ఫోనులో కబుర్లలో పడి ఆర్డరు మరిచిపోయినప్పుడల్లా సర్వర్ గడియారాన్ని వెనక్కి తిప్పి ఆర్డరు వేస్తాడు. సాయంత్రం తీరిగ్గా మళ్లీ ముందుకు జరుపుతాడు. వాడి ఆలస్యం నీ నెత్తిన పడుతుంది. ఒకసారి వాడా పని చేస్తుండగా వాడి గది అద్దాల గోడలోంచి చూశాను.

ఈలోగా బట్ట కొనేవాళ్లు మిల్లులో యంత్రాలన్నీ ఒకే సమయం చూపించాలని పట్టుబట్టారు. యజమాని ఆ పని నాకు అప్పగించాడు. ఎగిరి గంతేశాను. మన సర్వర్ యూనిక్స్ రకం, బాగా ముసలిది. గడియారాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ దానికి తయారుగా దొరకలేదు. తయారు రంగు దొరక్కపోతే నువ్వు పొడి తెచ్చి కలుపుకునేవాడివి చూడు, అలాగే సోర్స్ కోడ్ తెచ్చి ఇక్కడే కంపైల్ చేశాను. మొదట దానికి కావాల్సిన ఏదో లైబ్రరీ ఫైలు లేదని మొరాయించింది. అది తెచ్చి పెడితే పాత కంపైలర్ అలిగింది. దాన్నీ బతిమాలి, మొత్తానికి ఇన్‌స్టాల్ చేసి, నమ్మకమైన బయటి గడియారాల చిరునామాలిచ్చి, సర్వర్ లేచినప్పుడల్లా అదీ లేచేలా పెట్టాను.

దాని గుణం నాకు భలే నచ్చింది నాన్నా. తేడా చిన్నదైతే గుట్టుగా సర్దేస్తుంది. పెద్దదైతే కాసేపు గమనించి, రూఢి చేసుకుని, గడియారాన్ని ఒక్క గెంతు గెంతిస్తుంది. ఎంత గెంతించిందో రాసి మరీ పెడుతుంది. ఆ మాట యజమాని గదిలోని తెర మీద కూడా పడేలా చేశాను. "ఏం చేస్తుందిది?" అన్నాడు సకిలింపు గారు. "సమయం సరిచూస్తుందండీ" అన్నాను. "మంచిదేగా" అన్నాడు, వెర్రిమొహం.

పోయిన వారం బట్ట మళ్లీ పాడైంది. నేను యజమాని గదిలోనే ఉన్నాను. తొట్టి దగ్గర పనిచేసే ఆవిడను వెంటేసుకుని వాడొచ్చాడు. ఆవిడ "బల్బు ఇప్పుడే వెలిగిందండీ" అంది. అచ్చం నీ మాటే. వాడు గొంతు సవరించుకుని "కంప్యూటర్ అబద్ధమాడదండీ" అన్నాడు. ఆవిడను నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టాడు. ఆ తిట్ల మధ్యలోనే, వెనకబడ్డ సర్వర్ గడియారాన్ని ముందుకు గెంతించినట్టు తెర మీద పడింది.

"గడియారం ఎవరు తిప్పారు?" అన్నాడు యజమాని.

"పాస్‌వర్డ్ ఉన్నది మా ఇద్దరికేనండీ. నేను చాలాసేపట్నుంచీ మీ ఎదురుగానే ఉన్నాను" అన్నాను.

వాడు మళ్లీ గొంతు సవరించుకున్నాడు. యజమాని గేటు వైపు చెయ్యి చూపించాడు. నిన్ను నడిపించిన గేటులోంచే వాడూ నడిచాడు. కిటికీ దగ్గర నిలబడి, వాడు మలుపు తిరిగేదాకా చూశాను. నా కడుపుమంట చల్లారింది నాన్నా, నీ దగ్గర దాచడమెందుకు.

ఇక మిగిలిన నీ ప్రశ్న. "నా తొట్టి దగ్గర ఇప్పుడెవరున్నారు? ఆ మనిషిని కాస్త కనిపెట్టుకుని ఉండు" అని రాశావు. నేను కనిపెట్టుకుని ఉండలేదు. ఆ రోజు ఆర్డరు ఇంకా వెళ్లలేదని నా కంప్యూటర్‌లో ముందే కనిపించింది. వాడికో మాట గుర్తుచేస్తే బట్ట పాడయ్యేది కాదు. గుర్తుచేయలేదు. ఏదో పని కల్పించుకుని యజమాని గదిలో కూర్చున్నాను. ఆవిడ ఏడుస్తుంటే కూడా నోరు మెదపలేదు. గెంతు పడేదాకా వాడికి అనుమానం రాకూడదనుకున్నాను.

తర్వాత ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చింది. "నీకు ముందే తెలుసు కదమ్మా?" అంది. తెలుసన్నాను. మెడలోంచి ఏప్రన్ తీసి, మడతపెట్టి నా బల్ల మీద ఉంచి వెళ్లిపోయింది. ఇంటికెళ్లి పిలిచినా తలుపు తీయలేదు.

యజమాని నిన్ను మళ్లీ పనిలోకి రమ్మంటున్నాడు. నీ చోటు ఖాళీగా ఉంది. ఎలా ఖాళీ అయిందో చెప్పకుండా నిన్ను పిలవబుద్ధి కాలేదు. వస్తావో రావో నువ్వే రాయి.

ఇట్లు,
నువ్వు వద్దన్న పనే చేసిన
నీ కూతురు