గుడారం మేకులు కొట్టిన రాయి

శ్రీమతికి,

నా కాలు విరిగిందని మీ అన్నయ్య నీకు కార్డు రాసి పడేశాడట. చీలమండ బెణికింది, అంతే. కంగారు పడకు.

అసలు దెబ్బ వేరే ఉంది. ఈ గుండ్రటి లోయ ఉల్క పడి ఏర్పడిందని ఏడేళ్లుగా మొత్తుకుంటున్నాను. గడియారాలు బాగుచేసేవాడికి రాళ్ల సంగతేం తెలుసని చదువుకున్నవాళ్లు నవ్వారు. ఉల్క తాకిన అదురుకు రాతిలో చీపురు పుల్లల్లా చారలు పడతాయి. మొన్న సరిగ్గా అలాంటి రాయి దొరికితే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. తువ్వాల్లో చుట్టిపెట్టి స్నానం చేసొచ్చేసరికి, మీ అన్నయ్య దాంతో గుడారం మేకులు దిగ్గొడుతున్నాడు! రాయి రెండు ముక్కలైంది.

“ఇంత లోయలో ఇంకో రాయే దొరకలేదా బావా?” అని అరిచాను.

“ఇదైతే చేతిలో బాగా ఇమిడింది బావా,” అన్నాడు.

తీరా చూస్తే, పగిలిన లోపలివైపు చారలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. నోరారా తిట్టే భాగ్యం కూడా లేకపోయింది. నిన్న ఒక పరిశోధకుడు వచ్చి, ఈసారి నవ్వకుండా ఒక ముక్క పట్టుకెళ్లాడు.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? బీరువా పై అరలో నా పెద్ద భూతద్దం ఉంది, వెంటనే పంపు. నీ మోకాళ్లకు నూనె రాసుకోవడం మానకు. పిల్లలకు నా దీవెనలు.

మీ అన్నయ్య పక్కనే కూర్చుని, “ఇద్దరం కలిసి కనిపెట్టామని రాయి బావా” అని ప్రాణం తీస్తున్నాడు. సరే, రాశాను.