కారు అడుగున రోడ్డు కనిపించింది

బాపూ,

నువ్వు పోయాక ఒక వానాకాలం గడిచింది, చలి కూడా మొదలైంది... ఎలా ఉన్నావని అడగడానికి నోరు రావడం లేదు. ఇక్కడి సంగతులే చెబుతాను.

మొదటిది అమ్మ సంగతి. వారానికి రెండుసార్లు డయాలసిస్ తప్పడం లేదు. రెండోది నీ తెల్ల కారు సంగతి. ఈ రెండూ వేరువేరు అనుకున్నాను. కావు.

తాత నుంచి నీకు, నీ నుంచి నాకు వచ్చిన బండి. ఏ పనైనా పుస్తకాలు చూసి నేర్చుకుని, వరుసగా రాసుకుంటే తప్ప నాకు చేతకాదని నీకు తెలుసు కదా. రిపేర్లన్నీ అలాగే రాసుకున్నాను. ఇంజిన్ బాగుంది. గేర్లు పరవాలేదు. కానీ వానలు వెలిసినా వెనక సీటు దగ్గర తడి ఆరలేదు. రబ్బరు మ్యాట్ ఎత్తి చూశాను. రేకు తుప్పు పట్టి, చిల్లులు పడి... కింద మన లాల్‌దర్వాజా గల్లీ రాళ్లు కనిపించాయి. డయాలసిస్‌కు తీసుకెళ్లేటప్పుడు సరిగ్గా అమ్మ కాళ్లు పెట్టుకునే చోట.

నీ పాత మెకానిక్ యూసుఫ్ భాయ్‌ని పిలిచాను. బండి కిందికి దూరి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. బండి బరువంతా మోసే చాసిస్ కూడా పెచ్చులు పెచ్చులుగా రాలింది. బయటికి వచ్చి, నా మొహం చూడకుండా అన్నాడు: "ఫికర్ జెయ్యకు అన్నా. రేకు పెట్టి వెల్డింగ్ కొడ్త. నడుస్తది."

నడుస్తది... అది నీ మాట.

వైపర్ ఆగిపోతే, "నడుస్తది తియ్." బ్రేకు దిగిపోతే, "రెండుమాట్ల తొక్కురా, నడుస్తది." ఆ సాయంత్రం బేగంబజార్ నుంచి వచ్చి, ఛాతీ పట్టుకుని గడప మీద కూలబడినప్పుడూ అదే. "గ్యాస్‌రా గిది. గింత దానికే దవాఖానానా? పొద్దుగాల జూద్దాం. నడుస్తది."

నీకు ఆ పొద్దు తెల్లవారలేదు. కారు గుమ్మం ముందే ఉంది. ఇంజిన్ వేడి కూడా ఇంకా చల్లారలేదు... ఎందుకు ఎక్కలేదు బాపూ?

అందుకే యూసుఫ్ భాయ్‌ని ఒక్కటే అడిగాను, మీ అమ్మనైతే ఇందులో కూర్చోబెడతావా అని. చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మా అమ్మీనైతే... ఆటోల తీస్కపోత అన్నా."

తుక్కుకు ఇచ్చేశాను.

అమ్మ ఒప్పుకోలేదు. "ఆయన ఉన్నన్ని దినాలు తిప్పిండు. నీకే బరువైందారా? రేకు ఏపిస్తే నీ సొమ్మేం పోతుండె?" అంది. చాసిస్ ఎక్కడ విరిగే ప్రమాదం ఉందో బొమ్మ గీసి వివరించాను. ఆమె ఆ కాగితం వైపు చూడనే లేదు.

క్రేన్ వచ్చినప్పుడు ఇంట్లోంచి బయటికి రాలేదు. బండి గల్లీ మలుపు తిరిగాక మాత్రం బకెట్‌తో వచ్చి, శవం లేచిన ఇంట్లో చేసినట్టు వాకిలంతా కడిగింది. అప్పటి నుంచి నాతో మాటలు లేవు.

నేను చేసింది తప్పా? ఈ ఒక్కటీ ఎంత లెక్క వేసుకున్నా తేలడం లేదు...

ఈ రోజు ఆటోలోనే వెళ్లాం. దారి పొడవునా అమ్మ అటు తిరిగే కూర్చుంది. దిగేటప్పుడు మెట్టు ఎత్తుగా ఉండి నా చెయ్యి పట్టుకుంది. కాలు నేల మీద ఆనగానే వదిలేసింది.

మంగళవారం మళ్లీ తీసుకుపోతాను. మాట్లాడినా, మాట్లాడకపోయినా.

నీ కొడుకు